పైకప్పు మరక: పుండొకచోట, మందొకచోట

శ్రావణంలో కనబడుతుంది. దసరా దాకా పెరుగుతుంది. సంక్రాంతికి రంగు వేయిస్తే మాయమవుతుంది. మళ్లీ శ్రావణం వచ్చేసరికి అదే మూల, అదే ఆకారం. అంచు మాత్రం బెత్తెడు ముందుకు జరిగి ఉంటుంది. డాబా ఇళ్లున్న ఏ వీధిలో అడిగినా ఈ గోడు చెప్పుకునేవాళ్లు దొరుకుతారు. "ఎన్నిసార్లు చేయించినా ఇంతేనండీ" అన్న మాట దగ్గర అందరూ కలుస్తారు.

ఎందుకిలా అని అడిగితే తాపీమేస్త్రీ ఒకటి చెబుతాడు, రంగుల షాపు ఆయన ఒకటి, వాటర్‌ప్రూఫింగ్ కాంట్రాక్టరు ఒకటి, ఇంజినీరు ఒకటి. నాలుగింటిలోనూ నిజం ఉంది. చిక్కేమిటంటే ఎవరి చేతిలో ఏ మందుంటే వాళ్లకు ఆ జబ్బే కనబడుతుంది. మేస్త్రీకి పగులు, షాపు ఆయనకు పాత పూత, కాంట్రాక్టరుకు డాబా మొత్తం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మరక తిరిగి రావడానికి మందు నాసిరకం కావడం చిన్న కారణం. నీళ్లు ఎక్కడ దిగి, ఎటు నడిచి, ఇక్కడ బయటపడ్డాయో చూడకుండా మరక మీద చెయ్యి వెయ్యడం పెద్ద కారణం. ఆ దారిని చెప్పగల సాక్షి మరక ఒక్కటే, మనం మొట్టమొదట చెరిపేసేది దాన్నే.

తిరిగొచ్చింది నీరా, మరకా అన్నది ముందు తేల్చుకోవాలి. రెండూ ఒకటి కావు. శ్లాబులోంచి దిగే నీళ్లు ఊరికే రావు. సిమెంటులోని సున్నాన్ని, చువ్వల తుప్పును, పైన పేరుకున్న దుమ్మూ ఆకుల కషాయాన్ని మోసుకొస్తాయి. నీళ్లు ఆరిపోయాక ఆ సరుకంతా లప్పంలో మిగిలిపోతుంది. దాని మీద నేరుగా నీళ్లతో కలిపే ఎమల్షన్ వేస్తే పాత మరక ఆ తడికి కరిగి, కొత్త పూత గుండా పైకి తేలుతుంది. లీకు ఎప్పుడో ఆగిపోయినా, శ్లాబు ఎండిపోయినా, రంగు వేసిన వారానికి గోధుమరంగు చార మళ్లీ కనబడుతుంది. అది చూసి డాబా మొత్తం తవ్వించినవాళ్లున్నారు. తేల్చుకోవడానికి పెన్సిల్ చాలు. మరక అంచు వెంబడి సన్నగా గీత గీసి, పక్కన తేదీ వెయ్యాలి. రెండు పెద్ద వానలు పోయాక గీత దాటితే నీళ్లు వస్తున్నట్టు. దాటకుండా, గోటితో గీకితే లప్పం పొడిపొడిగా రాలితే అది పాత కథ.

ఆ తర్వాత చూడాల్సింది వేళ. వాన మొదలైన గంటలోపే చుక్క పడితే నీళ్లకు అడ్డం లేని దారి ఉందని అర్థం: వానగొట్టం శ్లాబులోంచి దిగే చోటో, ఎవరో బోల్టు కోసం వేసిన కన్నమో. వాన వెలిసిన మర్నాడో ఎల్లుండో మరక నల్లబడితే, డాబా మీది టైల్స్ కిందో ఇటుకజల్లి పొరలోనో నీళ్లు నిలిచి తీరిగ్గా దిగుతున్నాయి. మామూలు వానకు ఏమీ కాకుండా ఈదురువానకే వస్తే డాబాను అనుమానించి లాభం లేదు. నీళ్లు గోడలోంచి, కిటికీ పైని సన్‌షేడు గోడను కలిసే చోటునుంచి వస్తున్నాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను కొట్టినప్పుడు వాన నిలువుగా కాదు, అడ్డంగా పడింది. అలాంటి గాలివానలో పైనుంచి చుక్క దిగని ఇల్లు కూడా గోడలోంచి తడుస్తుంది. తీరం వెంబడి ఉన్నవాళ్లు డాబాకు పెట్టిన ఖర్చులో కొంతైనా పడమటి, తూర్పు గోడల పగుళ్లకు పెట్టాలి.

వానతో సంబంధమే లేకపోతే పైపుల పని. అపార్టుమెంటులో దీనికో మంచి పరీక్ష సంక్రాంతి. పై ఫ్లాటువాళ్లు ఊరెళ్లిన ఆ వారం పది రోజుల్లో మరక ఎండితే, వాడిన నీళ్లు పోయే దారిలో తప్పుంది. బాత్‌రూమ్ గచ్చో, గచ్చు నీళ్లు పోయే నాని ట్రాపో, కమోడ్ కిందో. వాళ్లు లేకపోయినా మరక ఏమాత్రం తగ్గకపోతే, ఎప్పుడూ నీళ్లు నిండి ఒత్తిడితో ఉండే సప్లయ్ పైపును ముందు అనుమానించాలి. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం గోడలు పగలగొట్టే పని తప్పుతుంది.

రంగు కూడా కొంత చెబుతుంది. టీ ఒలికినట్టు అంచు ముదురుగా ఉన్న వలయాలు తడిసి ఆరి, తడిసి ఆరిన గుర్తు. ఎన్ని వలయాలుంటే కనీసం అన్నిసార్లు. తెల్లగా ఉప్పు పూసినట్టుంటే సిమెంటులోని సున్నం కరిగి బయటికొచ్చి, గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి గట్టిపడింది. అంటే కాంక్రీటు గుండానే నీళ్లు నడుస్తున్నాయి. నారింజ రంగులో తిన్నగా గీతలా వస్తే చువ్వ తుప్పు పడుతోంది. నల్లటి చుక్కలు చుక్కలుగా, ముఖ్యంగా బీరువా వెనకో మూలల్లోనో ఉంటే అది బూజు. దానికి లీకే అక్కర్లేదు, గాలిలోని తేమ చాలు.

ఇక అందర్నీ తప్పుదారి పట్టించేది ఫ్యాను చుట్టూ వచ్చే మరక. గదికి సరిగ్గా నడిమధ్య, హుక్కు పెట్టె చుట్టూ గుండ్రంగా వస్తుంది కాబట్టి డాబా మీద కూడా సరిగ్గా ఆ చోటే కొలిచి పూత వేస్తారు. శ్లాబు పోసేటప్పుడు కరెంటు తీగల కోసం లోపల పీవీసీ గొట్టాలు పరుస్తారు. పిట్టగోడ దగ్గరో మెట్లగది పక్కనో దిగిన నీళ్లు ఆ గొట్టం దొరికితే కాలువలో పారినట్టు పారి, అది ముగిసే చోట, అంటే ఫ్యాను పెట్టెలోనో లైటు పాయింటులోనో బయటపడతాయి. మరకకూ నీరు దిగిన చోటుకూ మధ్య పదిహేను అడుగులుండొచ్చు. మరమ్మతు సంగతి తర్వాత. ఫ్యాను రాడ్డు వెంట నీళ్లు జారుతుంటే ముందు ఆ లైను ఎంసీబీ దించెయ్యాలి.

ఇంతకీ కాంక్రీటులోంచి నీళ్లు ఎలా దిగుతాయి? మన ఇళ్ల శ్లాబు మామూలుగా ఐదంగుళాలు. బాగా పోసి, బాగా తడిపిన ఐదంగుళాల కాంక్రీటు వాన నీటిని ఆపగలదు. అయితే పోసేటప్పుడు పని తేలికవుతుందని మిల్లరులో ఎక్కువ నీళ్లు పోస్తారు. ఆ మిగులు నీళ్లు ఆరిపోయాక వాటి చోట వెంట్రుకవాసి రంధ్రాలు మిగులుతాయి. భారత ప్రమాణం ఐఎస్ 456 మామూలు సిమెంటుకు కనీసం ఏడు రోజులు, ఇప్పుడందరూ వాడే ఫ్లైయాష్ కలిపిన సిమెంటుకు పది రోజులు తడపమంటుంది. మే నెలలో శ్లాబు పోసి, మడులు కట్టి రెండు రోజులు నీళ్లు నిలబెట్టి, తర్వాత పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి పైపుతో చల్లి సరిపెట్టిన ఇళ్లు ఎన్నో. వాటి మరక శ్లాబు పోసిన రోజుల్లోనే రాసి పెట్టి ఉంది.

శ్లాబు మంచిదైనా నాలుగు బలహీనమైన చోట్లుంటాయి. పిట్టగోడ శ్లాబును కలిసే గీత, వానగొట్టాల తూములు, ట్యాంకు దిమ్మెలు, ఆ తర్వాత మనం చేజేతులా పొడిచిన కన్నాలు. డిష్ యాంటెన్నా, సోలార్ హీటరు కాళ్లు, బట్టల తీగ స్తంభం, ఇవన్నీ బోల్టులే. వీటిలో పిట్టగోడ గీత గురించి కొంచెం నిలిచి చెప్పాలి. వేసవి మధ్యాహ్నం బోడి శ్లాబు పైతలం 55, 60 డిగ్రీల దాకా కాలుతుంది. సాయంత్రం గాలిదుమ్ము లేచి వాన పడితే అరగంటలో చల్లారుతుంది. కాంక్రీటు ఒక డిగ్రీకి మీటరుకు మిల్లీమీటరులో వందో వంతు సాగుతుంది. ముప్పై అడుగుల శ్లాబుకు ముప్పై డిగ్రీల తేడా వస్తే దాదాపు రెండుముప్పావు మిల్లీమీటర్లు. శ్లాబు ఇలా రోజూ సాగి ముడుచుకుంటుంటే దాని మీద కూర్చున్న ఇటుక పిట్టగోడ దానితోపాటు కదలదు. మధ్యలో బీట పడుతుంది. ఆ బీటలో గట్టి సిమెంటు నింపితే మరుసటి వేసవికి దాని పక్కనే ఇంకో బీట వస్తుంది. కదిలే పగులుకు కదిలే మందే వెయ్యాలి. సాగే సీలెంటు నింపి, మూలలో గుండ్రటి మలుపు కట్టి, పూతను పిట్టగోడ మీదికి కనీసం ఒక అడుగు ఎక్కించాలి. చాలామంది పూతను సరిగ్గా మూల దాకా తెచ్చి ఆపుతారు. నీళ్లు దిగేది ఆ మూలలోనే.

తూముల సంగతి మరీ చిన్నది, కాబట్టే ఎవరూ పట్టించుకోరు. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 930 లీటర్ల నీళ్లు. రెండు తూముల్లో ఒకటి వేపాకులతో మూసుకుపోతే ఆ నీళ్లన్నీ ఒక మూల చేరతాయి. వాటం సరిగా ఉన్న డాబా అంటే పదడుగులకు ఒక అంగుళానికి తగ్గకుండా వాలు ఉండాలి. ఉందో లేదో చూడ్డానికి పనిముట్లేమీ వద్దు. వాన వెలిసిన రెండు గంటలకు పైకెక్కి ఎక్కడ నీళ్లు మడుగు కట్టాయో సుద్దముక్కతో గీసుకోవాలి. రెండు డాబాల్లో ఒకదానికైనా ఈ గీత, కింది గదిలోని మరక కలిసిపోతాయని పందెం కాయగలను. పిట్టగోడ బీటలో రావి మొక్క మొలిచిందంటే అక్కడ ఏడాది పొడుగునా చెమ్మ ఉన్నట్టు. పైకి పీకేస్తే వేరు లోపలే ఉండి మళ్లీ చిగురిస్తుంది. బీట విప్పి వేరు మొత్తం తీసి, అప్పుడు మూయాలి. పూజించే చెట్టు కదా అని వదిలేసేవాళ్లకు నేనేమీ చెప్పలేను.

మిద్దెతోటలు పెరిగాక ఇంకోటి చేరింది. కుండీలు నేరుగా శ్లాబు మీద పెడితే వాటి కింద ఎండ తగలదు, తడి ఆరదు, తూముల్లోకి మట్టి చేరుతుంది. ఇనుప స్టాండు మీద జానెడు ఎత్తున పెడితే సగం బాధ తీరుతుంది. తోట మానెయ్యమని చెప్పే మేస్త్రీ మాట వినక్కర్లేదు.

మన పాత కప్పుల సంగతి గుర్తుచేసుకుంటే ఒకటి తెలుస్తుంది. రాయలసీమ మట్టిమిద్దెల మీద చౌడుమట్టి పరిచేవారు. చౌడులోని సోడియం తడి తగలగానే బంకమట్టి రేణువులను విడగొట్టి, సందులన్నీ మూసేస్తుంది. పంటకు పనికిరాని ఆ గుణమే కప్పుకు పనికొచ్చింది. కానీ ఏటా వానలకు ముందు కొత్త మట్టి వెయ్యాలి, గడ్డి పీకాలి. కోస్తాలోని మద్రాసు టెర్రసు మిద్దెల్లో టేకు దూలాల మీద ఇటుకలను నిలువుగా ఐమూలగా పేర్చి, సున్నంతో కలిపిన ఇటుకజల్లిని చెక్క దిమ్మిసలతో రోజుల తరబడి కొట్టి గట్టిపరిచేవారు. సున్నం పొర కొంచెం కదలికను ఓర్చుకుంటుంది, సన్నని పగులును తానే పూడ్చుకుంటుంది. అవి కురవలేదని కాదు, బాగానే కురిశాయి. కురుస్తాయని తెలిసే ఏటా ఆషాఢానికి ముందు మనిషి పైకెక్కేవాడు. ఆర్‌సీసీ శ్లాబు వచ్చాక ఆ అలవాటు పోయింది. ఒకసారి పోస్తే మూడు తరాలకు చూడక్కర్లేదని నమ్మేశాం.

ఇప్పుడు మందుల దగ్గరికొద్దాం. అన్నిటికన్నా చవక సిమెంటు పాలు. "ఓ బస్తా సిమెంటు పాలు కొట్టేస్తే అయిపోద్దండి" అని మేస్త్రీ అంటాడు. అవుతుంది, ఆ ఏడాదికి. సిమెంటు పాల పొర కాగితమంత పలచన, గట్టిది, సాగదు. వేసవి ఎండకు సన్నసన్నగా నెర్రెలిచ్చి పొరలుగా లేస్తుంది. దాని కింద ఉన్న పగులు అలాగే ఉంటుంది. అందులో కలిపే లేటెక్స్ రకం ద్రవాలు పట్టును పెంచుతాయి, పలచదనాన్ని మార్చవు.

బ్రష్షుతో వేసే అక్రిలిక్ పూతలు ఇప్పుడు అందరి నోటా ఉన్నాయి. సాగుతాయి, ఎండకు తట్టుకుంటాయి, ఎవరి డాబాకు వాళ్లే వేసుకోవచ్చు. వీటి బలహీనత ఒక్కటే, నీళ్లు రోజుల తరబడి నిలిచే చోట మెత్తబడి ఊడిపోతాయి. అంటే వాటం చెడిపోయిన డాబాకు, అందరికన్నా ఎక్కువగా పూత అవసరమైనవాళ్లకే, ఇవి సరిపోవు. పాలియురేథేన్ పూత నిలవ నీటిని బాగా ఓర్చుకుంటుంది, ధర ఎక్కువ, శ్లాబు పూర్తిగా ఎండి ఉండాలి. తడి శ్లాబు మీద వేస్తే లోపలి ఆవిరి పైకి తన్ని బుడగలు లేపుతుంది. తారు షీటును బర్నరుతో కాల్చి అంటించే పద్ధతి గట్టిదే. షీటుకూ షీటుకూ నాలుగంగుళాలు కలవాలి, పైన ఎండ పడకుండా కప్పు ఉండాలి. దాని మీద టైల్స్ వేశాక మాత్రం ఎక్కడ చిల్లు పడిందో కనుక్కోవడం గగనం. నీళ్లు షీటు కింద పది అడుగులు నడిచి తేలతాయి.

2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం తెచ్చాక తెల్ల పూతల మీద ఆసక్తి పెరిగింది. తెల్ల పూత ఎండను తిప్పికొట్టి శ్లాబు కాలడాన్ని తగ్గిస్తుంది, దానితో సాగడం ముడుచుకోవడం తగ్గుతాయి, పగుళ్లకు అది మేలే. అయితే చల్లబరిచే పూత వేరు, నీళ్లాపే పూత వేరు. రెండూ చేసేవి ఉన్నాయి, ఒకటే చేసేవీ ఉన్నాయి. డబ్బా మీద చదవకుండా కొంటే వాన వచ్చాక తెలుస్తుంది.

పగులులోకి సూదులు దించి పాలియురేథేన్ ద్రవం ఎక్కించే పని ఒకటుంది. నీళ్లు తగలగానే అది నురగై ఉబ్బి దారి మూస్తుంది. నీళ్ల ట్యాంకు గోడకు, సెల్లారుకు చక్కని పని. డాబాకైతే తాత్కాలికం; పైన నీళ్లు దిగడం ఆగకపోతే అవి పక్క దారి వెతుక్కుంటాయి, మరక రెండడుగుల అవతల లేస్తుంది. డాబా మీద రేకుల షెడ్డు వేసెయ్యడం మన ఊళ్లలో చాలామంది చివరికి చేసే పని. మందులన్నిటికన్నా బాగా పనిచేస్తుంది, శ్లాబు ఎండకు కాలదు, వానకు తడవదు. మునిసిపాలిటీ అనుమతి ఉందా, తుపాను గాలికి ఆ రేకులు ఎవరి నెత్తిన పడతాయి అన్నవి రెండు ప్రశ్నలు. అవి తేలితే షెడ్డును చులకన చెయ్యడానికి నాకు కారణం కనబడదు.

నేను గట్టిగా వద్దనేది ఒక్కటే, కిందనుంచి మూయడం. గదిలోపల సీలింగుకు "డ్యాంప్ ప్రూఫ్" అని అమ్మే పూత వేసి, లప్పం పెట్టి, పైన రంగు. పనిచెయ్యకపోతే బుడగ లేచి ఊడుతుంది, అది మంచిదే. పనిచేస్తే అసలు ప్రమాదం. పైనుంచి దిగే నీళ్లకు బయటికొచ్చే దారి మూసుకుపోయి శ్లాబు లోపల ఏడాదంతా తడిగా ఉంటుంది. చువ్వలు ఉన్నది అక్కడే. కొత్త కాంక్రీటులో క్షారగుణం బాగా ఎక్కువ, పీహెచ్ 12 పైన. ఆ రక్షణలో ఇనుము తుప్పు పట్టదు. ఏళ్ల తరబడి గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఇంకి ఆ క్షారం 9 దాకా దిగిపోయాక రక్షణ పోతుంది, తడి తోడైతే తుప్పు మొదలవుతుంది. తుప్పు ఇనుముకన్నా రెండు నుంచి ఆరు రెట్లు చోటు తీసుకుంటుంది. ఆ ఒత్తిడికి కింది కాంక్రీటు పగిలి పెచ్చులుగా ఊడి పడుతుంది. ఫాల్స్ సీలింగు వేసి మరకను దాచడం కూడా ఇలాంటిదే, ఇంకొంచెం ఖరీదైనది.

సముద్రపు ఊళ్లలో ఇది తొందరగా వస్తుంది. ఐఎస్ 456 మామూలు చోట శ్లాబు చువ్వల కింద 20 మిల్లీమీటర్ల కాంక్రీటు కప్పు చాలంటుంది, సముద్రపు గాలి తగిలే చోట 45 అడుగుతుంది. కాంక్రీటు కలిపే నీళ్లలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని కూడా అదే చెబుతుంది. ఉప్పు బోరు నీళ్లతో కలిపి, చువ్వలను షట్టరింగు మీద దాదాపు ఆనించి పోసిన శ్లాబు పదిహేనేళ్లకే పెచ్చులూడితే దానికి వాటర్‌ప్రూఫింగ్ లోపం అని పేరు పెట్టకూడదు. కర్రతో తడితే బోలుగా మోగడం, పెచ్చు ఊడిన చోట చువ్వ సన్నబడి పొరలుగా విడిపోవడం, శ్లాబు మధ్యలో కుంగినట్టు కనబడటం, వీటిలో ఏదున్నా మేస్త్రీని కాదు, స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవాలి. ఆ గదిలో పిల్లల్ని పడుకోబెట్టడం అప్పటిదాకా ఆపాలి.

మధ్య అంతస్తుల గొడవ వేరు. అక్కడ ఇంజినీరింగు కన్నా ఇరుగుపొరుగు పెద్ద సమస్య. "అక్కా, మీ బాత్‌రూమ్ నీళ్లు మా గదిలోకి దిగుతున్నాయి" అని కిందావిడ అంటే, "మా బాత్‌రూమ్ పొడిగానే ఉందమ్మా, కావాలంటే వచ్చి చూడు" అని పైఆవిడ అంటుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. బాత్‌రూమ్ శ్లాబును కిందికి దించి పోసి, పైపులు పరిచి, ఆ గుంతను ఇటుకముక్కలతో నింపి పైన టైల్స్ వేస్తారు. టైల్స్ సందుల్లోంచి రోజూ కొంచెం కొంచెం దిగిన నీళ్లు ఆ నింపుడులో తొట్టిలో నిలిచినట్టు నిలుస్తాయి. పైన పొడి, మధ్యలో చెరువు, కింద మరక. టైల్స్ సందులు కొత్త గ్రౌటుతో మూయిస్తే కొత్త నీళ్లు దిగడం ఆగుతుంది. అప్పటికే నిలిచినవి దిగడానికి వారాలు పడుతుంది. ఈలోపు "పని చెడింది" అని తీర్పు ఇచ్చేసి, ఇంకో మేస్త్రీని తెచ్చి, పై ఇంటివాళ్ల మొహం చూడకుండా తయారవుతారు. నాని ట్రాపును మూసి, గచ్చు మీద రెండంగుళాల నీళ్లు 48 గంటలు నిలబెట్టి, గోడ మీద గుర్తు పెట్టి చూడటం ఇద్దరి ఎదుటా చెయ్యాల్సిన పరీక్ష. నీళ్లలో రంగు కలుపుతారు కొందరు. కింద రంగు తేలితే సాక్ష్యం దొరికినట్టే, తేలకపోతే మాత్రం పై ఇల్లు నిర్దోషి అనడానికి లేదు, శ్లాబు రంగును వడకట్టెయ్యగలదు.

ఎవరు ఖర్చు పెట్టాలి అన్నదానికి చట్టంలో కొంత దారి ఉంది. రెరా చట్టం, 2016, సెక్షన్ 14 ప్రకారం ఫ్లాటు అప్పగించిన ఐదేళ్లలోపు నిర్మాణ లోపం, పనితనం లోపం చూపిస్తే బిల్డరు ముప్పై రోజుల్లో ఉచితంగా సరిచెయ్యాలి. కారే సీలింగు ఆ మాటల్లోకి వస్తుంది. ఫొటోలు తేదీలతో, ఫిర్యాదు రాతపూర్వకంగా ఉండాలి. మరకకు రంగు వేసి ఆ తర్వాత ఫిర్యాదు చేస్తే చూపించడానికి ఏమీ మిగలదు. 500 చదరపు మీటర్లకు మించని స్థలంలోనో, ఎనిమిదికి మించని ఫ్లాట్లతోనో కట్టినవాటికి రెరా నమోదు అక్కర్లేదు, మన సందుల్లోని చిన్న అపార్టుమెంట్లు చాలా అందులోకే వస్తాయి. వాళ్లకు వినియోగదారుల కమిషన్ ఉంది, కారణం పుట్టిన రెండేళ్లలోపు వెళ్లాలి. డాబా విషయంలో 1987 నాటి అపార్టుమెంట్ల చట్టం పైకప్పును అందరి ఉమ్మడి భాగంగా లెక్కిస్తుంది. కాబట్టి పై అంతస్తు వాళ్ల సీలింగు కారితే "అది మీ సమస్య" అని కింది నాలుగు అంతస్తులూ చేతులు దులుపుకోవడం చెల్లదు. అసోసియేషన్ మీటింగులో ఈ మాట చెప్పి చూడండి, ఎంత నిశ్శబ్దమో. అద్దెకున్నవాళ్లకు ఆస్తి బదిలీ చట్టం, 1882, సెక్షన్ 108లో ఒక వెసులుబాటు ఉంది. యజమాని చేయించాల్సిన మరమ్మతు నోటీసు ఇచ్చినా సకాలంలో చేయించకపోతే, మీరే చేయించి అద్దెలో మినహాయించుకోవచ్చు. ఆ నోటీసు ఇచ్చాక ఇల్లు ఖాళీ చెయ్యమంటే ఏం చెయ్యాలో ఆ సెక్షను చెప్పదు.

లీకు లేని చెమ్మ ఒకటి మిగిలింది. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న గాలి 26 డిగ్రీల తలం తగిలితే చెమటపడుతుంది. వానాకాలంలో మన గాలి సరిగ్గా ఇలాగే ఉంటుంది. పై ఫ్లాటులో ఏసీ 20 మీద రాత్రంతా తిరిగితే దాని కింది సీలింగు చల్లబడి కింది గదిలోని తడిగాలికి చెమర్చవచ్చు. వంటిల్లు పక్కగది, గీజరు ఆవిరి పోయే దారి లేని బాత్‌రూమ్, తడిబట్టలు లోపల ఆరేసిన గది, వీటిలోనూ అదే. అనుమానముంటే అరచేతంత పాలిథిన్ ముక్కను సీలింగుకు నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజు ఉంచాలి. తడి పాలిథిన్ లోపలి వైపు చేరితే శ్లాబులోంచి, బయటి వైపు చేరితే గదిలోంచి. రెండోదైతే డాబా మీద రూపాయి కూడా ఖర్చు పెట్టక్కర్లేదు. ఎగ్జాస్ట్ ఫ్యాను, తెరిచిన కిటికీ చాలు. చెమ్మ గదుల్లో ఉండేవాళ్లకు ఆయాసం, శ్వాసకోశ ఇబ్బందులు ఎక్కువన్న సంగతి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇచ్చిన మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. బూజును పొడి చీపురుతో దులిపితే గదంతా చల్లినట్టే. ముక్కుకు గుడ్డ కట్టుకుని తడిగుడ్డతో తుడవాలి.

ఇన్ని దారులు మూశాక చివరికి సీలింగు దగ్గరికి రావాలి. పైపని మార్చి, ఏప్రిల్ నెలల్లో అయితే మంచిది. ఆ తర్వాత ఒక వానాకాలం పాటు మరకను అలాగే వదిలెయ్యమంటాను, చుట్టాలొస్తే వస్తారు. పెన్సిలు గీత దాటకపోతే శీతాకాలంలో పని మొదలుపెట్టవచ్చు. సిమెంటు గచ్చు రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున ఆరుతుందని ఒక లెక్క వాడతారు; నానిన ఐదంగుళాల శ్లాబుకు నెలలు పడుతుందని దాన్నిబట్టి తెలుస్తుంది. ఉబ్బిన లప్పాన్ని, మరక అంచుకు అడుగు అవతల దాకా, గట్టి ప్లాస్టరింగు తగిలేవరకూ గీకెయ్యాలి. తెల్ల ఉప్పును పొడి బ్రష్షుతో రాల్చాలి, నీళ్లతో కడిగితే మళ్లీ లోపలికి ఇంకుతుంది. మరకను అడ్డుకునే నూనెరకం ప్రైమరు ముందు, అది ఆరాక కొత్త లప్పం, తర్వాత మామూలు ఎమల్షన్. పెయింటరు ఇవన్నీ ఒకే పూటలో ముగించి వెళ్దామని చూస్తాడు. ప్రైమరు ఆరడానికి మధ్యలో ఒక రోజు వదిలి మళ్లీ రమ్మంటే రెండు కూలీలు అడుగుతాడు. ఇచ్చెయ్యండి.